నా పేరు మీద నడిచిన సర్వర్

సౌదీలోని అల్ ఖోబర్‌లో నేను చేరిన ఆఫీసులో ఫైనల్ ఎగ్జిట్‌కి ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు అప్పగించి, ఇక తిరిగి రాకుండా సొంత ఊరికి వెళ్ళిపోతుంటే, ఆఖరి రోజు మధ్యాహ్నం మీటింగ్ గదిలో ప్లాస్టిక్ షీటు పరిచి కబ్సా తెప్పించేవాళ్ళు. పెద్ద పళ్ళెంలో అన్నం, దాని మీద కోడి, చుట్టూ మగవాళ్ళు. ఆడవాళ్ళం ఇద్దరికీ విడిగా డబ్బాల్లో వచ్చేది. భోజనం ముగించి, వెళ్ళే మనిషి చేతులు కడుక్కుని తిరిగొచ్చేసరికి అతని అకౌంట్లన్నీ పోయేవి. మెయిల్, తలుపు కార్డు, సర్వర్ లాగిన్, ఏదీ మిగిలేది కాదు. మేనేజరు స్వయంగా పక్కన నిలబడి తీయించేవాడు. వెళ్ళినవాడి పేరు ఒక్క రాత్రి కూడా ఆఫీసులో ఉండకూడదని ఆయన పట్టుదల. అది భద్రత అని ఆయన నమ్మకం. మేమూ నమ్మాం.

మొన్న కాలేజీలో నాకు జూనియర్ అయిన అమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, ఈ పనిలో నీకు బాగా భయం వేసింది ఎప్పుడు?" అని అడిగింది. తనకీ ఇక్కడే ఉద్యోగం వచ్చింది. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. పాప పడుకుంది కాబట్టి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. తనలాగా కొత్తగా సర్వర్ల పనిలోకి వచ్చేవాళ్ళు ఎవరైనా చదువుకోవచ్చు.

నేను చేరిన రోజే అలాంటి కబ్సా భోజనం ఒకటి జరిగింది. వెళ్ళిపోతున్నది కడప నుంచి వచ్చిన ఒక భాయ్. ఆయన స్థానంలోకే నేను వచ్చాను. కాంట్రాక్టు కంపెనీల కోసం గేట్ పాస్ సైటు తయారుచేసి, ఇంతకాలం నడిపింది ఆయనే. పొద్దున్న నుంచి భోజనం వేళ దాకా నాకు పని అప్పగించాడు. అప్పగించడం అంటే చివరికి తేలింది ఇంతే.

"ఏం భయపడాకు మా. అది దాని పాటికి అది నడుస్తాంటాది. నువ్వు దాన్ని ముట్టుకోకుంటే అది నిన్ను ముట్టుకోదు."

భోజనాలయ్యాయి. ఆయన అకౌంటు తీసేశారు. అదే ఊపులో, అదే కుర్చీలో కూర్చుని, నాకు కొత్త అకౌంటు తెరిచారు. తర్వాత జరిగిందంతా ఈ ఒక్క పనిలోంచే వచ్చింది.

సైటు సంగతి కొంచెం చెప్పాలి. రాస్ తనూరా రిఫైనరీలో పనిచేసే కూలీల పేర్లు, ఫొటోలు, పాస్‌పోర్టు కాపీలు కాంట్రాక్టరు మనుషులు మా సైటులో ఎక్కిస్తారు. గేటు దగ్గర గార్డు తెర మీద ఆ ఫొటో చూసి మనిషిని లోపలికి వదులుతాడు. సైటు నడవడానికి కావలసినవన్నీ మూసిన డబ్బాలాంటి దాంట్లో సర్ది ఉంటాయి. దాన్నే కంటైనర్ అంటాం. ఆ డబ్బా లోపల యూజర్ల జాబితా వేరు, బయట సర్వర్‌లో మా ఉద్యోగుల జాబితా వేరు. దేని సంసారం దానిది. ఫొటోలు, పాస్‌పోర్టు కాపీలు మాత్రం బయట ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. డబ్బాకి ఆ ఫోల్డర్‌లోకి ఒక దారి ఇచ్చి ఉంచుతాం.

చేరిన కొన్నాళ్ళకి ఆ ఫోల్డర్ తెరిచి చూశాను. ప్రతి ఫైలుకీ యజమాని ఎవరో పక్కనే కనిపిస్తుంది. అన్నిటి పక్కనా నా పేరే ఉంది. నేనెప్పుడూ చూడని మనుషుల పాస్‌పోర్టులు, నేను ఈ దేశానికి రాకముందు ఎక్కించిన ఫొటోలు, అన్నీ నావట.

సర్వర్లు చూసే ఇంకో ఆయన నా పక్క సీటులోనే కూర్చునేవాడు. కరీంనగర్ మనిషి. నేను అన్నయ్యా అంటే ఆయన చెల్లె అనేవాడు. ఆయనకి చూపించాను.

"ఓ, అన్నీ నీ పేరు మీద రాసిచ్చి పోయిండు గదా," అని నవ్వాడు. "కడప భాయ్ మనసు పెద్దది. రిజిస్ట్రేషన్ ఖర్చు కూడ లేదు."

"నవ్వకండి అన్నయ్యా. ఇది ఎందుకిలా ఉంది?"

"నడుస్తుందా, లేదా?"

"నడుస్తోంది."

"మరి నడవనియ్యి."

నిజానికి నాకు అప్పట్లో ఆలోచించే తీరిక లేదు. పాపకి ఏడాది నిండింది అంతే. మా వీధిలో ఒక కేరళ ఆవిడ దగ్గర వదిలి వచ్చేదాన్ని. ఆఫీసులో ఏ ఫోను మోగినా పాపకే ఏదో అయిందనుకునేదాన్ని. ఫైళ్ళ మీద నా పేరుందన్న సంగతి ఆ గాభరాలో ఎక్కడో కలిసిపోయింది.

ఒకరోజు పొద్దున్నే మేనేజరు తన గాజు గదిలోకి పిలిచాడు. ఆయన హైదరాబాదు పాతబస్తీ మనిషి. గొంతు పెంచడు. పెంచకపోవడమే ఎక్కువ భయం.

"కూసోండి మేడం. ఇది ఎవరి పేరు?" అని ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు.

"నాదే సార్."

"ఇది?"

"నాదే."

వేలితో తెరను కిందికి జరుపుతూ పోయాడు. "ఖతం అయితలేదు మేడం. అన్నీ మీవే. ఒక లేబర్ పాస్‌పోర్ట్ కాపీ బయట వాట్సాప్ గ్రూపుల తిరుగుతుంది. కాంట్రాక్టర్ అడుగుతున్నడు, మీ ఆఫీసుల ఈ ఫైళ్ళు ఎవరి చేతుల ఉన్నయని. నేను చూస్తే మీ పేరొస్తుంది. ఇప్పుడు నేను ఏం చెప్పాలె?"

"నేను పెట్టినవి కావు సార్. నేను వచ్చినప్పటి నుంచీ ఇలాగే ఉన్నాయి."

"మీరు రాకముందు మీ పేరు ఎట్లొస్తది? దేఖో మేడం, నాకు ముగ్గురు ఆడపిల్లలు. కోపం చేస్తలేను. నిజం చెప్పుండ్రి."

ఒక ఫైలు తేదీ చూపించాను. "సార్, ఈ తేదీకి నేను కాకినాడలో ఉన్నాను, పురిటికి. ఈ ఫైలు నేనెలా పెడతాను?"

"తేదీ పాతదే. పేరు తర్వాత మార్చొచ్చు. ఆ పని మీకు రాదా?"

వచ్చు. అదే వచ్చిన చిక్కు. రాదని చెప్పలేను. ఆ పని వచ్చనే కదా ఉద్యోగం ఇచ్చారు.

ఆయన తప్పేమీ లేదు. ఆయన చోట నేనున్నా అదే అడిగేదాన్ని. కాని ఆ కుర్చీలో కూర్చున్న నాకు వేరే ఏవేవో కనబడుతున్నాయి. ఇతరుల పాస్‌పోర్టులు బయటికి ఇచ్చిందని నా మీద కేసు పెడితే? కేసు నడిచినంతకాలం దేశం దాటనివ్వరని ఎవరో అనగా విన్నాను. నేనున్నది మా ఆయన ఇఖామా మీద. ఆయన ఉద్యోగం మాటేమిటి? నన్ను ఎక్కడైనా కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతుంటే పాపని ఎవరు తెచ్చుకుంటారు? మా ఆయనకి ఫోన్ చేద్దామంటే ఆయన కూడా రాస్ తనూరాలోనే పని. ఫోను గేటు దగ్గర అప్పగించి లోపలికెళ్తే మళ్ళీ సాయంత్రమే.

మేనేజరు కరీంనగర్ అన్నయ్యని పిలిచి రెండు పనులు చెప్పాడు. ఒకటి, నా లాగిన్‌కి తాళం వేయడం. రెండు, ఆ ఫైళ్ళన్నీ నా పేరు మీద నుంచి తప్పించి మేనేజరు పేరు మీదికి మార్చి, ఆయన తప్ప ఎవరూ తెరవకుండా చేయడం. నా ల్యాప్‌టాప్ ఆయన బల్ల మీద పెట్టించుకున్నాడు. నన్ను పాంట్రీలో కూర్చోమన్నాడు. "ఇంటికి పోకుండ్రి. సాయంత్రం దాంక అవైలబుల్ ఉండుండ్రి."

పాంట్రీలో చాయ్ కెటిల్ పక్కన కూర్చున్నాను. పని ముగించుకుని అన్నయ్య వచ్చాడు. నా మొహంలోకి చూడకుండా చాయ్ పోశాడు.

"అన్నయ్యా, మీకు నేను ఆ రోజే చూపించాను కదా."

"చూపించినవ్ చెల్లె."

"సార్‌కి చెప్పండి."

కప్పు నా ముందు పెట్టాడు. "నా ఇఖామా రెన్యువల్ ఆయన సంతకం కాడనే ఉంది. తెలిసి నువ్వెందుకు చెప్పలే అంటడు." కెటిల్ మూత పెట్టి, "చెప్త. జర ఆగు," అన్నాడు.

ఆ చాయ్ తాగుతుండగానే బయట ఫోన్లు మొదలయ్యాయి. ఒకటి ఎత్తేలోపు ఇంకొకటి. మధ్యాహ్నం షిఫ్టు కూలీల బస్సు గేటు దగ్గర ఆగిపోయింది. గార్డు తెర మీద పేరు వస్తోంది, ఫొటో రావడం లేదు. ఫొటో లేకుండా గార్డు ఒక్కర్ని కూడా వదలడు. అందర్నీ దించి ఎండలో వరసగా నిలబెట్టారట.

మేనేజరు పాంట్రీ గుమ్మంలోకి వచ్చాడు. "ఏం చేసిండ్రు మేడం?"

"నేనా సార్?"

"అకౌంట్ బంద్ చేయంగనే సైట్ బంద్ అయింది. పోతూ పోతూ ఏమన్న పెట్టి పోయిండ్రా అందుల?"

పొద్దుటి నుంచి ఏదో ఒకలా నిలబడ్డ ధైర్యం ఆ మాటతో జారిపోయింది. దొంగ అన్నది చాలక, ఇప్పుడు పగ తీర్చుకున్నదాన్ని కూడా అయ్యాను. కళ్ళు తుడుచుకున్నాను. కాని ఆయన మాటే చెవిలో మోగుతోంది. అకౌంటు ఆపితే సైటు ఆగింది. నాకు తాళం వేస్తే సైటుకేం సంబంధం? ఫైళ్ళు తీసుకున్నది నా దగ్గర్నించి. అందకుండా పోయింది సైటుకి. అంటే వాటిని నా పేరుతో ఇన్నాళ్ళూ తెరుస్తున్నది...

"సార్, నేను కీబోర్డు ముట్టుకోను. అన్నయ్య కొడతాడు, మీరు పక్కనే నిలబడండి. ఒక్కటి చూపిస్తాను."

చేతులు వెనక్కి కట్టుకుని అన్నయ్య కుర్చీ వెనక నిలబడ్డాను. సర్వర్‌లో ఈ నిమిషాన ఏ పనులు నడుస్తున్నాయి, ఎవరి పేరు మీద నడుస్తున్నాయి, చూపించమన్నాను. అన్నయ్య కొట్టాడు. వరసగా వచ్చాయి. సైటు పనులన్నిటి ముందూ నా పేరు.

మేనేజరు ముందుకు వంగాడు. "ఈమె అకౌంట్ బంద్ చేయలేదా నువ్వు?"

"చేసిన సార్, మీ ముంగటనే చేసిన." అన్నయ్య నా వైపు తిరిగాడు. "చెల్లె, నువ్వు ఈడ చాయ్ తాగుతుంటే ఆడ నీ పేరు మీద డ్యూటీ నడుస్తుంది. ఓవర్‌టైమ్ అడుగు."

"ఇప్పుడు డబ్బా లోపలికి వెళ్ళి, దాన్నే అడగండి అన్నయ్యా, నువ్వెవరివని."

లోపలికి వెళ్ళి అడిగాడు. లోపల దాని పేరు వేరే ఉంది. సైటు కోసం పెట్టిన పేరు. దాని పక్కన నంబరు 1004. బయటికి వచ్చి, మా ఉద్యోగుల జాబితాలో 1004 ఎవరని అడిగాడు. నేను.

ఇక్కడ ఆగి చెప్పాలి, ఈ మాట తెలియకే మేం ముగ్గురం అంత దూరం వెళ్ళాం. ఫైలు మీద నిజానికి పేరు ఉండదు. నంబరు ఒక్కటే ఉంటుంది. మనం అడిగినప్పుడు సర్వర్ తన జాబితా తిరగేసి, ఆ నంబరు ఇవాళ ఎవరిదైతే వాళ్ళ పేరు చూపిస్తుంది. డబ్బా లోపల జాబితా చూస్తే ఒక పేరు, బయట జాబితా చూస్తే ఇంకో పేరు. నంబరు మాత్రం రెండు చోట్లా ఒకటే. ఎవరి అకౌంటైనా తీసేస్తే, ఖాళీ అయిన ఆ నంబరునే సర్వర్ తర్వాత తెరిచిన అకౌంటుకి ఇచ్చేయొచ్చు.

మేనేజరుకి ఇది వెంటనే ఎక్కలేదు. అన్నయ్యే అందుకున్నాడు. "సార్, సిమ్ లెక్క. పాతాయన నంబర్ బంద్ అయితే కంపెనోడు గదే నంబర్ కొత్తోళ్ళకిస్తడు. పాతాయన దోస్తులు కొత్తాయనకు ఫోన్లు చేస్తరు."

మేనేజరు మొహం మారింది. "నా కొత్త సిమ్‌కి రోజూ ఎవడో గొర్రె ఎంతకిస్తవని ఫోన్ చేస్తడు."

"గదే సార్. మీరు గొర్రెలు అమ్ముతలేరు. మేడం పాస్‌పోర్టులు అమ్ముతలేదు." తెర మీదే చూపు పెట్టి చెప్పాడు. "ఇంకోటి సార్. మేడం ఈ సంగతి నాకు ఎప్పుడో చూపించింది. నేనే నవ్వి ఊకున్న."

మేనేజరు ఆయన్ని కొంచెంసేపు చూశాడు. ఫోను తీసి కడప భాయ్‌కి కలిపి, స్పీకర్లో పెట్టి, 1004 సంగతి అడిగాడు.

వెనక ఏదో అంగడి సందడి. "సలాం సార్. 1004ఆ? అది నాదే సార్. మొదట్లో నేను పెట్టిన ఫొటో సైటుకు అందేది కాదు, సైటు పెట్టింది నాకు అందేది కాదు. రోజూ ఇదే గొడవ. ఇద్దురికీ ఒకే నంబరైతే పీడా పోతాదని డబ్బాలో గూడా నా నంబరే పెట్టేసినా. ఏం, ఏమైనాదా?"

"నీ అకౌంట్ తీసేసినం కదా భాయ్. ఆ నంబర్ మేడంకి పోయింది."

అటు వైపు నుంచి నవ్వు వినిపించింది. "నేనొచ్చేసినా నా నంబరు ఇంగా ఆడ డ్యూటీ చేస్తాండాదా సార్? నాకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టినారు, దానికి కొట్టడం మర్చిపోయినారు. మా, బాగుండావా? భయపడినావా?"

"ఇప్పుడు లేదు భాయ్," అన్నాను. అబద్ధమే.

ఫోను పెట్టేశాక మేనేజరు గడ్డం రుద్దుకున్నాడు. "నాకు సమజ్ అయింది. కాంట్రాక్టర్‌కి ఎట్ల సమజ్ చేయాలె? సిమ్, గొర్రెలు అంటే వింటడా?"

అప్పుడు నేనన్న మాట, ముందుగా అనుకున్నది కాదు. "నన్ను తీసేయండి సార్."

"ఏందీ?"

"తాళం కాదు. నా అకౌంటు పూర్తిగా తీసేయండి. నా పేరు ఈ సర్వర్‌లో లేకుండా చేసి, ఫైళ్ళు 1004 అనే ఉత్త నంబరుకి ఇవ్వండి. సైటు నడిచిందంటే, వాటిని తెరుస్తున్నది నేను కాదనే కదా."

అన్నయ్య వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. "మొత్తం తీసెయ్యాల్నా చెల్లె? సైట్ లేవకపోతే?"

లేవకపోతే ఏమవుతుందో నాకూ తెలుసు. పేరూ ఉండదు, ఉద్యోగమూ ఉండదు, అనుమానం మాత్రం మిగులుతుంది. చదువుకున్నదాని మీద నమ్మకం ఉంది, కాని భయమూ ఉంది. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని ఆ రోజు తెలిసింది.

"తీసేయండి," అన్నాను.

తీసేశాడు. ఫైళ్ళు నంబరుకి ఇచ్చాడు. ఫోల్డర్ తెరిచాడు. నా పేరున్న చోటంతా 1004, 1004 అని కిందిదాకా పడింది, పేరు లేకుండా. తర్వాత సైటు తెరిచి ఒక కూలీ పాస్ నొక్కాడు. గళ్ళ చొక్కా వేసుకున్న నడివయసు మనిషి ఫొటో, కెమెరా వైపు కొంచెం అనుమానంగా చూస్తూ, తెర మీద నిలబడింది. ఆయన ఎవరో నాకు తెలియదు. ఆ మొహం మాత్రం ఇప్పటికీ గుర్తు పట్టగలను.

గేటు దగ్గరున్న సూపర్‌వైజరు ఫోను. "ఆ గయా భాయ్, ఫోటో ఆ గయా." ఫొటో వచ్చేసిందట, బస్సులోని వాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వెళ్తున్నారట. మేనేజరు సరేనని ఫోను పెట్టి, నా ల్యాప్‌టాప్ స్వయంగా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. క్షమించమని అడగలేదు. "మేడం, మీ అకౌంట్ మళ్ళ తెరవాలె. ఏ నంబర్ గావాలె?" అన్నాడు.

"ఎవరూ వాడనిది ఇవ్వండి సార్."

ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. ఆ మధ్యాహ్నమే కాంట్రాక్టరుకి ఫోన్ చేసి, నా గురించి ఒక్క తప్పుమాట లేకుండా, జరిగిందంతా తన పద్ధతి వల్లేనని చెప్పాడు. గాజు గది తలుపు తెరిచే ఉంచి చెప్పాడు. అది నా కోసమేనని నాకు అర్థమైంది. పాస్‌పోర్టు కాపీ బయటికి ఎలా వెళ్ళిందో కూడా ఆ వారంలోనే తేలింది. కూలీలు ఉండే క్యాంపు సూపర్‌వైజరు ఒకాయన, కొత్తగా వచ్చిన కూలీకి గది ఇప్పించడానికి తన ఫోన్లోంచి తీసి, గ్రూపు చూసుకోకుండా పంపేశాడు. అంతే. దాని వెనక ఎవరి కుట్రా లేదు.

తర్వాత ఆఫీసులో రెండు మార్పులు జరిగాయి. సైటుకి ఏ ఉద్యోగికీ ఎప్పటికీ ఇవ్వని సొంత నంబరు ఒకటి పెట్టాం. ఫైనల్ ఎగ్జిట్ వాళ్ళ అకౌంట్లు తీసేయడం మానేసి, తాళం వేసి ఉంచుతున్నాం. నంబరు వాళ్ళతోనే ఉండిపోతుంది. కబ్సా మాత్రం అలాగే వస్తోంది.

కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది చిన్నది. మీది కానిదాని మీద మీ పేరు కనబడితే, నడుస్తోంది కదా అని వదిలేయకండి. ఆ రోజే అడగండి, అందరి ముందూ అడగండి. ఎదుటివాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. ఇంకొకటి, ఏదైనా తేడాగా ఉంటే మనిషి పేరు చూసి ఆగిపోకండి. దాని వెనక ఏ నంబరుందో, అది ఎవరి దగ్గర్నించి వచ్చిందో చూడండి.

ఆ సాయంత్రం కొత్త అకౌంటు వచ్చింది. అందరూ సర్దుకుంటున్నారు. అన్నయ్యని ఆ ఫోల్డర్ ఒకసారి తెరవమన్నాను. తెరిచాడు. తెర పట్టనంత జాబితా. ఆయన మెల్లగా కిందికి జరుపుతుంటే నేను వరస వరసా చూస్తూ పోయాను.

"ఏం వెతుకుతున్నవ్ చెల్లె?"

"నా పేరు."

చివరిదాకా జరిపాడు. "లేదు గదా."

"లేదు," అన్నాను. "ఇంకోసారి మొదట్నుంచి చూపించండి అన్నయ్యా."